ఎడమ పేజీ, కుడి పేజీ

ఆదివారం, రైల్లో

పోయినసారి విద్యార్థులను గ్యాలరీలకు తీసుకెళ్లినప్పుడు పెద్ద తప్పు చేశాను. ప్రతి చిత్రం ముందూ నిలబడి మాట్లాడాను. తిరిగొచ్చాక వాళ్లు రాసిన స్పందనలు దిద్దుతూ కూర్చుంటే నా మాటలే నాకు ఎదురొచ్చాయి, పదమూడు రకాల చేతిరాతల్లో. నేను పొరపాటున చెప్పిన ఒక సంవత్సరాన్ని కూడా ఒకరు భక్తిగా రాసిపెట్టారు.

అందుకే ఈసారి నోరు కట్టుకుందామనుకున్నాను. పదకొండు మంది. ఒక్కొక్కరికీ గీతల్లేని పుస్తకం ఒకటి ఇచ్చి నియమం చెప్పాను. ఎడమ పేజీలో కంటికి కనిపించింది మాత్రమే రాయాలి, లేదా గీయాలి. కుడి పేజీలో అనిపించింది రాయాలి. ఎడమ పేజీ నిండేదాకా కుడి పేజీ ముట్టుకోకూడదు. చిత్రం పక్కన అతికించిన వివరాల చీటీ పది నిమిషాలు చూడకూడదు. 'బాగుంది', 'అద్భుతం', 'లోతుగా ఉంది' అన్న మాటలు ఈ ఐదు రోజులూ నిషేధం.

"నచ్చకపోతే ఏం రాయాలి సార్?" అని అడిగింది శిల్పం వదిలి చిత్రకళకు మారిన అమ్మాయి.

"నచ్చలేదనే రాయమ్మా. కానీ ఎక్కడ నచ్చలేదో వేలు పెట్టి చూపించాలి."

"వేలు పెడితే కాపలావాళ్లు ఊరుకోరు సార్" అని పై బెర్తు నుంచి ఎవరో అన్నారు. నియమావళి మీద చర్చ అక్కడితో ముగిసింది. ఆ తర్వాత అందరూ ఎదురుగా నిద్రపోతున్న ప్రయాణికులను గీయడంలో పడ్డారు. నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్లను గీయడం ఎంత కష్టమో రాత్రి పదింటిదాకా విన్నాను.

సోమవారం

ఢిల్లీలో దిగి, బసలో సామాను పెట్టి, ఉత్సాహంగా జాతీయ ఆధునిక కళా గ్యాలరీకి చేరాం. గేటు మూసి ఉంది. సోమవారం సెలవు. ఇన్నేళ్లుగా గ్యాలరీలు తిరుగుతున్నవాణ్ని, సోమవారం సెలవని తెలియనివాణ్ని కాదు. రైలు టికెట్ల హడావుడిలో వారం సంగతే మరిచిపోయాను. పదకొండు మంది ఏమీ అనకుండా నా వైపు చూశారు. తిట్టినా బాగుండేది.

లోధీ కాలనీకి మళ్లించాను. 1940లలో బ్రిటిష్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం కట్టించిన ఇళ్లు అవి. ఎత్తయిన గోడలు, కమాను ద్వారాలు, వెడల్పాటి కాలిబాటలు. ఆ గోడల మీద ఇప్పుడు దేశదేశాల చిత్రకారులు వేసిన భారీ బొమ్మలున్నాయి. తలుపు లేదు, టికెట్టు లేదు, సెలవు అంతకన్నా లేదు.

నిజం చెప్పాలంటే వాటిలో సగం నాకు పోస్టర్లలాగే అనిపించాయి. రంగు ఎక్కువ, ఆలోచన తక్కువ. ఇది పైకి అనలేదు, నోరు కట్టుకున్నాను కదా. కానీ ఒక గోడ దగ్గర మాత్రం అందరం ఆగిపోయాం. డాకు అనే మారుపేరుతో పనిచేసే కళాకారుడు 2016లో చేసిన గోడ అది. దాని మీద రంగు లేదు. గోడకు అడ్డంగా, బయటికి పొడుచుకొచ్చేలా అక్షరాలు బిగించారు. ఎండ సరైన కోణంలో పడితేనే వాటి నీడలు గోడ మీద పదాలవుతాయి. కాలం అన్నిటినీ మారుస్తుందన్నది అక్కడి మాట. మేం వెళ్లేసరికి నీడలు ఇంకా సాగి ఉన్నాయి, పదాలు చదవడానికి రావడం లేదు.

"కూర్చుందాం సార్" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. తరగతిలో ఇరవై నిమిషాలు కుదురుగా కూర్చున్నవాడు కాదు. ఎదురుగా కాలిబాట మీద గంటన్నర కూర్చున్నాం. నీడలు కొద్దికొద్దిగా కుదించుకుంటూ, ఒక్కో అక్షరం స్పష్టమవుతూ వచ్చింది. మధ్యలో మబ్బు పట్టి మొత్తం మాయమైంది. అందరూ ఒక్కసారిగా 'అయ్యో' అన్నారు. మళ్లీ ఎండ వచ్చింది. ఆ కుర్రాడు ఎడమ పేజీని ఆరు గళ్లుగా విడగొట్టి, పావుగంటకొక గడిలో ఒకే అక్షరం నీడను గీశాడు. కుడి పేజీలో ఒకే వాక్యం: "బొమ్మ వేసింది సూర్యుడు, సంతకం మాత్రం వేరే వాళ్లది."

నా పొరపాటును ఆ రోజుకు క్షమించారని అర్థమైంది.

మంగళవారం

జాతీయ ఆధునిక కళా గ్యాలరీ జైపూర్ మహారాజు కోసం కట్టిన జైపూర్ హౌస్‌లో ఉంది. పైనుంచి చూస్తే సీతాకోకచిలుక ఆకారంలో కనిపించే భవనం. 1954 మార్చి 29న అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ దీన్ని ప్రారంభించారు. వెనకవైపు కొత్త విభాగం 2009లో తెరిచారు. పాత భవనం గదుల్లో బొమ్మలు మనతో మాట్లాడతాయి, కొత్త విభాగంలో మనమే గొంతు తగ్గించుకోవాల్సి వస్తుంది. ఎందుకో తెలియదు, బహుశా పైకప్పు ఎత్తు వల్ల.

చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ బొమ్మల దగ్గర ఊహించినట్టే గుంపుగా ఆగారు. ఆమె 'ముగ్గురు అమ్మాయిలు' 1935 నాటిది. సమకాలీనులను చూడాలని వచ్చి తొంభై ఏళ్ల నాటి బొమ్మ ముందు అరగంట గడపడం నా పథకంలో లేదు. అయినా ఆ ముగ్గురిలో ఒక్కరూ మన వైపు చూడకపోవడాన్ని నలుగురు విడివిడిగా గమనించి రాసుకున్నారు. నేను తొందరపెట్టలేదు. 28 ఏళ్లకే పోయిన మనిషికి ఇరవై ఏళ్లవాళ్లు ఇచ్చే మర్యాదలో ఏదో వేరే ఉంది.

ఆ రోజు అసలు గొడవ భూపేన్ ఖక్కర్ దగ్గర జరిగింది. చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తూ చిత్రకారుడైనవాడు. క్యాలెండర్ బొమ్మలను, దుకాణాల బోర్డులను, దేవుడి పటాలను చిన్నచూపు చూడకుండా తన కాన్వాసు మీదికి తెచ్చుకున్నవాడు. మా ముందున్నది ప్లాస్టిక్ పూల గుత్తి పట్టుకున్న మనిషి బొమ్మ. మధ్యలో పెద్దగా ఆ మనిషి, చుట్టూ చిన్న చిన్న దృశ్యాలు. పటం కట్టించి గోడకు తగిలించుకునే దేవుడి బొమ్మల అమరికే అది. దేవుడి స్థానంలో నడివయసు మనిషి ఉన్నాడంతే.

"ఇతనికి బొమ్మ రాదు సార్" అంది శిల్పం నుంచి వచ్చిన అమ్మాయి. "ఆ చేతులు చూడండి. మొదటి సంవత్సరంలో మేం ఇలా వేస్తే మీరు కొట్టేసేవారు."

మాట నిజమే. కొట్టేసేవాణ్నే. ఏం చెప్పాలో వెతుక్కుంటుంటే, ఎప్పుడూ గోడకు ఆనుకుని ఉండే ఒక అబ్బాయి ముందుకొచ్చాడు. మూడేళ్లుగా నా తరగతిలో ఉన్నాడు, వాళ్ల ఇంటి సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

"మా నాన్న దుకాణాల బోర్డులు రాస్తారు సార్. ఆయన కూడా నీలం ఇలాగే వేస్తారు. ముందు మొత్తం చదునుగా పూసేసి, ఆరాక అంచులు దిద్దుతారు. ఆయనకు చేతులు వేయడం రాదు. అందుకే బొమ్మలో మనిషి చేతిలో ఏదో ఒకటి పెడతారు. సబ్బుబిళ్ల, కూల్‌డ్రింకు సీసా, పూలు."

నాకు నవ్వాగలేదు. కాపలా ఉన్నాయన కళ్లు పెద్దవి చేశాడు. కానీ ఆ అబ్బాయి నవ్వించడానికి చెప్పలేదు. రాకపోవడాన్ని దాచుకోవడం నుంచి కూడా ఒక శైలి పుడుతుందని, దాన్ని తెలిసి ఎంచుకున్న ఖక్కర్‌ను తన ఇంటి అనుభవంతో చదివాడు. నేను పుస్తకాల నుంచి అరగంట చెప్పినా ఆ మాట దగ్గరికి వచ్చేవాణ్ని కాదు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "మీ నాన్నకు రాదు కాబట్టి వేస్తారు. ఇతను వచ్చి కూడా వేయకపోతే అది నటన కదా?" అంది. ఇద్దరూ తర్వాతి రెండు గదులూ వాదించుకుంటూనే నడిచారు. అది నటనా కాదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఖక్కర్ వేసిన కొన్ని బొమ్మల్లో నటన, కొన్నిట్లో ప్రేమ కనిపిస్తాయి. ఒక్కోసారి రెండూ ఒకే చేతిలో.

కృష్ణారెడ్డి ముద్రణ చిత్రం ముందు నా ఉద్యోగం ఇంకొకరు చేశారు. చిత్తూరు జిల్లాలో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్ వెళ్లి ముద్రణ కళ తీరునే మార్చినవాడు మనవాడే అని చెప్పబోతుంటే ముద్రణ విభాగం అమ్మాయి అందుకుంది. మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో లోహపు పలక కావాలి. ఈయన పద్ధతిలో ఒక్క పలకే చాలు. పలకను వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. ఒక్కో రంగులో నూనె పాళ్లు మార్చి ఒకటి చిక్కగా, ఒకటి పలచగా చేస్తారు. గట్టి రోలరు పై భాగాలనే తాకుతుంది, మెత్తటి రోలరు లోతుల్లోకి కూడా దిగుతుంది. ఆ చిక్కదనం తేడా వల్ల రంగులు ఒకదాన్నొకటి ఒప్పుకోవు, కలవకుండా పక్కపక్కనే నిలుస్తాయి. అన్నీ ఒకే ఒత్తుడుతో కాగితం మీదికి వస్తాయి. చెబుతున్నంతసేపూ తన చేతులు లేని రోలరును దొర్లిస్తూనే ఉన్నాయి. మిగతావాళ్లు చిత్రానికి ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లి ఎత్తుపల్లాల కోసం వెతికారు. కాపలా ఆయనకు మా మీద నమ్మకం పూర్తిగా పోయింది.

చివరికి గైతోండే. 1924లో నాగ్‌పూర్‌లో పుట్టి, 1970లలో ఢిల్లీకి వచ్చి, 2001లో పోయిన చిత్రకారుడు. ఏడాదికి ఐదారు చిత్రాల కన్నా ఎక్కువ వేసేవాడు కాదు. రోలరుతో, కత్తితో రంగు పూసి, గీకి, తడి ఆరకముందే కాగితాలు అద్ది ఎత్తి, పొర మీద పొర కట్టేవాడు. కాన్వాసు నిండా పసుపు. పసుపు అంటే పసుపు కాదు, దాని కింద ఏదో తడి వెలుగు. అక్కడక్కడా చెరిగిపోయిన లిపిలాంటి మచ్చలు.

అందరూ మౌనంగా ఉన్నారు. నేనూ ఉండాల్సింది. "ఎంత లోతుగా ఉందో చూడండి" అని నా నోటి నుంచే వచ్చింది. పదకొండు మంది ఒక్కసారిగా తిరిగి చూశారు.

అదే శిల్పం అమ్మాయి ఎడమ పేజీలో నాలుగు ముక్కలు రాసి పుస్తకం మూసేసింది: "పసుపు. మరకలు. తడిసిన గోడ. నచ్చలేదు."

బుధవారం

సాకేత్‌లో కిరణ్ నాడార్ మ్యూజియం. 2010లో ప్రజలకు తెరిచిన ప్రైవేటు సంగ్రహాలయం ఇది. పెద్ద వ్యాపార సముదాయం పక్కనే ఉంటుంది కాబట్టి, బట్టల దుకాణాల వెలుగులోంచి నేరుగా చిత్రాల దగ్గరికి వస్తాం. కళ్లు ఆ మార్పుకు కుదురుకోవడానికి కాసేపు పడుతుంది. లోపలికి రాగానే ఐదు నిమిషాలు దేన్నీ చూడవద్దని చెప్పాను. పిల్లలు దీన్ని హాస్యమనుకున్నారు.

రజా వేసిన 'సౌరాష్ట్ర' 1983 నాటిది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. గళ్లుగళ్లుగా ఎరుపులు, కాషాయాలు మండుతుంటాయి. మధ్యప్రదేశ్ అడవుల పక్కన పెరిగినవాడు, పారిస్‌లో అరవై ఏళ్లున్నా ఆ మట్టినీ వేడినీ వదల్లేదు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవకపోతే బడిపంతులు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. తర్వాతి రజా చిత్రాలన్నిటికీ కేంద్రమైన బిందువుకు ఆ చుక్కే మూలమని ఆయనే చెప్పుకునేవారు. ఇదంతా నేను అప్పుడు చెప్పలేదు. వాళ్లు చూడాలి కదా.

పావుగంట తర్వాత పుస్తకాలు తిరగేస్తే ఏడుగురి ఎడమ పేజీల్లో ఒకే సంగతి ఉంది: 16.42 కోట్లు. 2010లో వేలంలో ఈ చిత్రం పలికిన ధర. ఎవరో ఫోనులో చూసి అందరికీ చెప్పారు.

"ఎడమ పేజీలో కనిపించింది రాయమన్నాను. ఈ గోడ మీద ధర ఎక్కడ కనిపించింది?"

ఎవరూ మాట్లాడలేదు. బోర్డుల ఆయన కొడుకు మాత్రం మెల్లగా, "అది తెలిశాక ఇంకేమీ కనిపించట్లేదు సార్" అన్నాడు.

నిజాయతీగా చెప్పిన మాట అది. నన్నూ అదే వేధిస్తుంటుంది. ధర తెలిసిన చిత్రం ముందు మనం పరీక్షకుల్లాగా నిలబడతాం, అంత విలువ ఉందా లేదా అని. అందరినీ బయటికి తీసుకెళ్లి, తిప్పి, వేరే తలుపు నుంచి మళ్లీ తెచ్చాను. ఈసారి బిందువు కథ చెప్పాను. పెద్దగా లాభం లేకపోయింది. ముగ్గురికి మాత్రం ఎరుపులు ఎన్ని రకాలో లెక్కపెట్టాలన్న పట్టుదల వచ్చింది. ఒకరు తొమ్మిదన్నారు, ఒకరు పద్నాలుగన్నారు. ముద్రణ అమ్మాయి, "పక్కనున్న రంగును బట్టి అదే ఎరుపు రెండుగా కనిపిస్తోంది, లెక్క తేలదు" అని పెన్సిలు పడేసింది. ధర సంగతి అక్కడికి మరిచిపోయారని నా నమ్మకం.

నస్రీన్ మొహమెదీ గీతల దగ్గర ఇంకో కథ. కాగితం మీద సిరా, పెన్సిలు. సన్నటి సమాంతర గీతలు, కొన్ని వాలుగా పోతాయి, కొన్ని మధ్యలోనే సన్నబడి ఆగిపోతాయి. చాలావాటికి పేర్లు పెట్టలేదు, తేదీలు వేయలేదు. 1937లో కరాచీలో పుట్టి, బరోడాలో పాఠాలు చెప్పి, 1990లో కన్నుమూసింది.

"ఇది ఇంజనీరింగు డ్రాయింగు. మా అన్నయ్య పాలిటెక్నిక్‌లో ఇంతకన్నా బాగా గీస్తాడు" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"రాత్రి గీసి చూపించు" అన్నాను.

బసకు వచ్చాక స్కేలు, సన్నటి పెన్ను తీసుకుని కూర్చున్నాడు. నలభై గీతలు, మధ్య ఖాళీ క్రమంగా తగ్గుతూ పోవాలి, అంతే. ఏడో గీత దగ్గర సిరా చిట్లింది. కాగితం మార్చాడు. రెండోసారి పదిహేను దాకా వెళ్లాక ఊపిరి వదిలినప్పుడు స్కేలు కదిలింది. మూడోసారి ఊపిరి బిగబట్టి గీశాడు. గీతలు సరిగ్గానే వచ్చాయి కానీ అంతా చచ్చినట్టుంది, గళ్ల కాగితంలాగా. అదేమిటో అతనికే అర్థమై, కాగితం గోడకు ఆనించి దూరం నుంచి చూశాడు.

అప్పుడు చెప్పాను. నస్రీన్‌కు ఉన్న నరాల జబ్బు క్రమంగా కదలికల మీద పట్టు తీసేసేది. చేతులు మాట విననంటున్న ఏళ్లలోనూ ఆ గీతలు గీస్తూనే వచ్చింది. కుర్రాడు చాలాసేపు ఏమీ అనలేదు. రాత్రి ఒంటిగంటకు నేను నీళ్ల కోసం లేస్తే వరండాలో దీపం వెలుగుతోంది. ఆరో కాగితం మీద ఉన్నాడు.

గురువారం

మండీ హౌస్ చుట్టుపక్కల చిన్న గ్యాలరీలు. రవీంద్ర భవన్‌లో లలిత కళా అకాడమీ, త్రివేణి కళా సంగమ్, ఇంకో రెండు. కాళ్లు నొప్పులు, కళ్లు అంతకన్నా ఎక్కువ. ఇంతకు మించి రాయడానికేమీ లేదు, ఒక్క సంగతి తప్ప.

ఒకచోట చిత్రకారుడే కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మొదటి ప్రదర్శన. ఎదురుగా మనిషి కనపడగానే నా పిల్లలు నిషేధించిన మూడు మాటలనూ వరసపెట్టి వాడేశారు. బాగుంది సార్, అద్భుతం సార్. నాకు సిగ్గేసింది. అతను చిరునవ్వుతో విని, "ఏది నచ్చలేదు?" అని అడిగాడు. ఆ ప్రశ్న అతని దగ్గర నేర్చుకోవాలి. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. శిల్పం అమ్మాయి మాత్రం నాలుగో కాన్వాసు దగ్గరికి వెళ్లి కుడివైపు కింది మూల చూపించింది, నిజంగానే వేలు పెట్టినంత దగ్గరగా. "ఇక్కడ మీరు భయపడ్డారు" అంది.

అతను లేచి వచ్చి తన బొమ్మనే కొత్తగా చూశాడు. ఆ మూలను నాలుగుసార్లు మార్చి వేశానని, నాలుగుసార్లూ చాలదనిపించిందని చెప్పాడు. తర్వాత ఇద్దరూ ఆ మూల గురించే అరగంట మాట్లాడుకున్నారు. చేసేదేమీ లేక మిగిలినవాళ్లం బయట మెట్ల మీద కూర్చున్నాం.

శుక్రవారం, తిరుగు రైల్లో

బయల్దేరేముందు బసలో నేల మీద స్పందనలు పరిచాం. రాతలు కాదు, బొమ్మలు. బోర్డుల ఆయన కొడుకు వాళ్ల నాన్న బొమ్మ వేశాడు. చదునైన నీలం మీద నిచ్చెనెక్కిన మనిషి. చేతుల్లో ఏమీ పెట్టలేదు. ఆ చేతులు సరిగ్గా రాలేదు. ఎవరూ ఆ మాట అనలేదు, నేనూ కొట్టేయలేదు. వెనక బెంచీ కుర్రాడి కాగితాలు తొమ్మిదిలో ఆఖరిదాని మీద పద్దెనిమిది గీతలే ఉన్నాయి. మిగతా ఇరవై రెండు ఎందుకు గీయలేదని అడిగితే, "ఆగాలనిపించిన చోట ఆగాను" అన్నాడు. ముగ్గురు ఏమీ వేయలేదు. వాళ్లలో ఇద్దరివి సాకులు. మూడోవాడికి మాత్రం ఇంకా నానాలని అనిపించింది, అతని మీద నాకు ఆశ ఉంది.

రైలు కదిలాక పుస్తకాలు తీసుకుని చదువుతూ కూర్చున్నాను. ఒక్క పుస్తకంలోనూ నా వాక్యం దొరకలేదు, గైతోండే పేజీలో ఎవరో రాసిన 'సార్ కూడా అన్నారు' తప్ప.

శిల్పం అమ్మాయి పుస్తకంలో గైతోండే ఎడమ పేజీ మంగళవారం నాటి నాలుగు ముక్కలతోనే ఆగలేదు. గురువారం సాయంత్రం అందరూ విశ్రాంతి తీసుకుంటుంటే తను ఒక్కతే మళ్లీ ఆ గ్యాలరీకి వెళ్లిందట. నాకు చెప్పి వెళ్లకపోవడం తప్పే, ఆ సంగతి విడిగా మాట్లాడాను. ఆ పేజీ ఇప్పుడు సందు లేకుండా నిండి ఉంది. పొరలు ఎక్కడ గీకాడో, ఎక్కడ అద్దాడో బాణం గుర్తులతో. మరక అనుకున్నవాటిలో ఏవి పైపొరవి, ఏవి అడుగునుంచి తేలినవి. కుడి పేజీలో: "ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఆ పసుపు ఎలా వచ్చిందో తెలియాలి."

ఎదురు బెర్తులో మేలుకునే ఉంది. "ఎలా వచ్చింది సార్?" అని అడిగింది.

నాకూ పూర్తిగా తెలియదన్నాను. ముద్రణ విభాగంలో పాత రోలర్లు రెండు మూలన పడి ఉన్నాయని, ఒకదానికి రబ్బరు ఊడిందని గుర్తుచేసింది ముద్రణ అమ్మాయి. సోమవారం వాటిని కడగాలి.